మిరుగుకి విత్తి బతుకమ్మకి కోసి: ఫ్లాట్లో పెరిగే పిల్లలకి ఋతువులు తెలిసేదెట్లా

మీరడిగింది టూకీగా ఇది. మియాపూర్‌లో ఐదో అంతస్తు ఫ్లాటు, ఆరేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు. ఇంట్లో పండగలన్నీ చేస్తారు, అయినా పిల్లలకి పండగంటే కొత్తబట్టలూ ఫొటోలూ స్వీటు డబ్బాలే. ఎండాకాలమంటే ఏసీ, వానాకాలమంటే ట్రాఫిక్. ఆటలతో, పండగలతో వాళ్ళకి ప్రకృతి తెలియాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు లోపం ఎక్కడుందో చూద్దాం. పండగ పొద్దున పిల్లలు లేచేసరికి చెయ్యాల్సిన పనంతా అయిపోయి ఉంటుంది. వేపపువ్వు రైతుబజారు నుంచి కవర్లో వచ్చేసింది. పత్రి కట్ట గేటు ముందే దొరికింది. బతుకమ్మ పూలు ఎవరో తెచ్చారు, పెద్దవాళ్ళు పేర్చారు. పిల్లలకి మిగిలింది దండం పెట్టడం, ఫొటోకి నిలబడడం. మన పండగల్లో ఋతువు మంత్రాల్లో కన్నా సామాన్లలో ఎక్కువుంది. ఆ నెలలో ఏది పూస్తే, ఏది కాస్తే అదే పూజకి వస్తుంది. కాబట్టి ఆ సామాను సమకూర్చే వారం పదిరోజుల పనిలోకి పిల్లల్ని దింపాలి. ఒక్కో పండగకి ఒకే ఒక్క వస్తువు వాళ్ళ పూచీ. దాన్ని కొనకూడదు. వెతకాలి, పెంచాలి, లేదా చెయ్యాలి. ఏడాదికి నాలుగైదు పండగలు చాలు. అన్నీ నెత్తినేసుకుంటే శ్రావణం దాటకముందే మీకే విసుగొస్తుంది.

మొదలు ఉగాది నుంచి పెట్టొద్దు, మిరుగు (మృగశిర కార్తె) నుంచి పెట్టండి. మార్పు పిల్లలకి ఒంటికి తెలిసేది అప్పుడే. రోళ్ళు పగిలే రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు. సూర్యుణ్ణి బట్టి లెక్క గనక ఏటా తేదీ దాదాపు మారదు. గోడ కేలండర్ మీద ఈ కార్తెల్ని బాబు చేత రంగు పెన్నుతో రాయించండి. పిల్లలకి ‘వర్ష ఋతువు రెండు నెలలు’ అనడం కన్నా, ‘ఈ పదమూడు రోజుల్లో ఏం మారింది’ అన్నది సులువుగా అందుతుంది.

మిరుగు నాడు చెయ్యాల్సినవి రెండు. ఒకటి వాన కొలిచే సీసా. పొడవునా ఒకే వెడల్పున్న లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మధ్యలో నడుము సన్నంగా ఉండేది పనికిరాదు, లెక్క తప్పుతుంది. పైభాగం కోసి, దాన్ని తలకిందులుగా గరాటులా మిగతా సీసాలో కూర్చోబెట్టండి. అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి నాలుగు గులకరాళ్ళు వేసి, గోడలు నిటారుగా మొదలయ్యే చోటిదాకా నీళ్ళు పోసి అక్కడ సున్నా గీత గియ్యండి. పైన స్కేలు అతికించండి. టెర్రస్ మీద పిట్టగోడకి ఆనించి పెడితే సగం వాన గోడే ఆపేస్తుంది. గోడ ఎత్తుకి రెండింతల దూరంలో, గాలికి పడకుండా ఇటుకల మధ్య పెట్టండి. వాతావరణ శాఖ రోజువారీ వాన లెక్క పొద్దున ఎనిమిదిన్నరకి తీస్తుంది, మీరూ అదే వేళకి చూడండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద లీటరు నీళ్ళు. టెర్రస్ కొలతలు ఇచ్చి మొత్తం ఎన్ని బిందెలు పడ్డాయో బాబుని లెక్క కట్టమనండి, వాడి కళ్ళు పెద్దవవుతాయి. చూసిన వెంటనే పారబోసి మళ్ళీ సున్నా గీతదాకా కొత్తనీళ్ళు పొయ్యాలి. వారం నిలవుంచితే దోమలు పెంచినట్టే.

రెండోది విత్తనం. బతుకమ్మకి కోసే బంతిపూలు పిల్లలే పెంచాలి. బంతి విత్తిన 60 నుంచి 70 రోజులకి పూస్తుంది. తొలిరోజు ఎంగిలిపూల బతుకమ్మ వచ్చేది పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు కాబట్టి, కేలండర్లో ఆ రోజు నుంచి వెనక్కి 70 రోజులు లెక్కపెట్టి విత్తే తేదీ పిల్లల్నే తేల్చమనండి. మిరుగుకి నాలుగు గింజలు వెయ్యండి, అవి సరదాకి. అసలు పంట లెక్క తేలిన రోజు వెయ్యండి. పన్నెండు అంగుళాల కుండీ, రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. గింజ మీద పావంగుళం మట్టి చాలు. మొక్క జానెడు ఎత్తు అయ్యాక తల తుంచాలి, అప్పుడే పక్క కొమ్మలు వేసి ఎక్కువ పూలిస్తుంది. ఈ తుంచడం పాపకి కష్టంగా ఉంటుంది, ఏడ్చినా ఏడుస్తుంది. ఒక మొక్కని తుంచకుండా వదిలేసి రెండిటినీ పోల్చమనండి. పూలు రాకపోవడానికి మామూలుగా మూడు కారణాలు: బాల్కనీలో నాలుగైదు గంటల ఎండ పడకపోవడం, ఎరువు ఎక్కువై ఆకు మాత్రమే పెరగడం, కుండీ అడుగు చిల్లు మూసుకుపోయి వేరు కుళ్ళడం. హైదరాబాద్ ఆగస్టు వానల్లో మూడోదే ఎక్కువ.

బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు విత్తనం దొరికితే అదీ మిరుగుకే చల్లండి. ఆవాల కన్నా చిన్నది, నల్లగా మెరుస్తుంది. గుప్పెడు ఇసుకలో కలిపి పైపైన చల్లాలి, లోతుగా పూడిస్తే మొలవదు. మొదటి ఏడాది దొరక్కపోతే దిగులు లేదు, బతుకమ్మ నాడు ఏడాదికి సరిపడా చేతికొస్తుంది.

తొలకరికి ఊరి చివర ఎర్ర నేలల్లో ఆరుద్ర పురుగులు తేలతాయి. ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కల్లా ఉంటాయి, ఏమీ చెయ్యవు. అరచేతిలో పెట్టుకుని కాళ్ళు లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి, అంటే పురుగని పిలుస్తున్నా అది సాలీడు చుట్టం. అగ్గిపెట్టెలో ఇంటికి తెచ్చే పాత అలవాటు మాత్రం వద్దు, ఒక్కరోజులో ఎండి చస్తాయి. కాగితం పడవలు టెర్రస్ మీది నీళ్ళలోనే. మన రోడ్ల మీద నిలిచిన నీళ్ళ కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఆషాఢం సంగతి క్లుప్తంగా చెప్తాను. బోనాల్లో పిల్లలకి చూపాల్సింది వేపమండ, పసుపు, కొత్త కుండ. తొలి ఏకాదశికి పేలాలపిండి ఇంట్లోనే చెయ్యండి. జొన్నల మీద నీళ్ళు చిలకరించి గంటసేపు గుడ్డలో మూటకట్టి, బాగా కాలిన ఇనప మూకుట్లో రెండేసి చెంచాలు వేసి మూత పెడితే టపటపా పేలతాయి. మూకుడు సరిగా కాలకపోతే పేలకుండా మాడతాయి. బెల్లంతో దంచిన పిండి నోట్లో పెట్టుకుని నవ్వితే పొలమారుతుంది, చిన్నపిల్లలకి కాస్త నెయ్యి కలిపి ఉండ చేసి పెట్టండి. గోరింటాకు కోన్ కొనకండి, ఆకు కోసి రుబ్బండి. రెండు గుప్పిళ్ళ లేత ఆకుకి గోళీకాయంత చింతపండు, తడి తగిలేంత నీళ్ళు. నీళ్ళెక్కువైతే కారిపోతుంది, పండదు. ‘బ్లాక్ మెహందీ’ పేరుతో అమ్మేదాంట్లో జుట్టుకి వేసే రంగు రసాయనం కలుపుతారు, పిల్లల చర్మానికి బొబ్బలు రావొచ్చు. జీ సిక్స్ పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకి మాత్రం మామూలు గోరింటాకు కూడా పెట్టకూడదు, రక్తకణాలు దెబ్బతింటాయి.

వినాయక చవితికి పిల్లలకి రెండు పనులున్నాయి, రెండూ గట్టివే. మొదటిది మట్టి. మన దగ్గర దొరికే ఎర్రమట్టి గరుగ్గా ఉండి అతుక్కోదు, నల్లరేగడి బాగా అతుక్కుంటుంది కానీ ఎండేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్ళిస్తుంది. కుమ్మరి దగ్గర తయారుగా ఉన్న మట్టి తెచ్చుకోవడం మేలు. లేదంటే జల్లించిన రేగడి రెండు పాళ్ళు, జల్లించిన ఎర్రమట్టి ఒక పాలు. అయిదారు అంగుళాల బొమ్మకి కిలోన్నర తడిమట్టి సరిపోతుంది. చపాతీ పిండి కన్నా కొంచెం గట్టిగా, పావుగంట పిసకాలి. రాళ్ళు, గాలి బుడగలు పోయేది ఆ పిసకడంలోనే, పిల్లలకి అసలు ఆనందమూ అక్కడే. పీట, బొజ్జ, తల, తొండం, చెవులు, చేతులు విడివిడిగా చేసి అతకాలి. అతికే చోట రెండువైపులా పుల్లతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, పలచని బురద రాసి, అప్పుడు నొక్కాలి. ఊరికే నొక్కి అతికించిన తొండం ఎండగానే ఊడి పళ్ళెంలో పడుతుంది. బొజ్జని కిందనుంచి బొటనవేలితో తొలిచి గుల్ల చెయ్యండి, లావుగా ఉన్నచోట లోపల తడి నిలిచి పగులుతుంది. ఎండలో గానీ ఫ్యాన్ కింద గానీ పెట్టొద్దు. నీడలో నాలుగైదు రోజులు. చేతులు, చెవులు ముందే ఎండుతాయి కాబట్టి మొదటి రెండు రోజులు వాటి మీద తడిగుడ్డ ముక్క కప్పండి. అందుకే చవితికి వారం ముందు చెయ్యాలి. ముందురోజు రాత్రి చేసిన బొమ్మ పచ్చిగా ఉండి నిమజ్జనానికీ మొరాయిస్తుంది.

పచ్చి బొమ్మకి నిమజ్జనంతో ఏం పేచీ అంటారా? మట్టి ఉండలు రెండు చెయ్యండి. ఒకటి నాలుగు రోజులు పూర్తిగా ఆరనివ్వండి, ఒకటి తడిగుడ్డలో చుట్టి ఉంచండి. రెండూ రెండు గ్లాసుల నీళ్ళలో వెయ్యండి. ఎండినది బుసబుసా బుడగలు వదులుతూ కళ్ళముందే విచ్చుకుని కూలిపోతుంది. పచ్చిది గంటలు గడిచినా అలాగే కూర్చుంటుంది. ఎండిన మట్టి సందుల్లోకి నీళ్ళు ఒక్కసారిగా దూరి లోపలి గాలిని తోసేస్తాయి, పచ్చిదాంట్లో ఆ సందులు ముందే నిండి ఉంటాయి. మీ వినాయకుణ్ణి బకెట్లో నిమజ్జనం చేసినప్పుడూ ఇదే జరుగుతుంది. రాత్రంతా వదిలేసి, ఆ మట్టినీళ్ళని బంతి కుండీల్లో పోసెయ్యండి.

రెండో పని పత్రి. ఇరవై ఒక్క ఆకుల్లో మీ ఇంటి చుట్టూ రెండు కిలోమీటర్లలో ఎన్ని దొరుకుతాయో పది రోజులు వెతకమనండి. గరిక, తులసి, మామిడి, రావి, రేగు, దానిమ్మ, ఉత్తరేణి, జిల్లేడు, గన్నేరు, మారేడు దొరకడం కష్టం కాదు. కాస్త తిరిగితే జమ్మి, వావిలి, తెల్ల మద్ది కూడా. మారేడుకి మూడేసి ఆకులు, నలిపితే ఘాటు వాసన. వావిలికి అయిదు వేళ్ళలాంటి ఆకులు. ఉత్తరేణి గింజలు ప్యాంటుకి అంటుకుని వాటంతట అవే దొరికిపోతాయి. దేవదారు హిమాలయాల చెట్టు, దానికోసం తిరక్కండి. మిగతావాటిని కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో, పార్కుల్లో వెతికి చూడొచ్చు గానీ ఆకు కొయ్యకూడదు. దొరికిన ప్రతి ఆకునీ పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు వేసి, మొదటి మూడు రోజులూ పేపరు మార్చండి. మార్చకపోతే బూజు పడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఉమ్మెత్త, గన్నేరు పూర్తిగా విషం, ఆకు నుంచి గింజదాకా. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆ మూడూ పెద్దవాళ్ళే కొయ్యాలి, పిల్లలు చూసి గుర్తుపడితే చాలు. ఆకులు పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు. పాలు కంట్లో పడితే పావుగంటసేపు ధారగా నీళ్ళతో కడిగి నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఇప్పుడు బతుకమ్మ. ఏడాదిలో ఒక్కటే చేస్తామంటే ఇదే చెయ్యమంటాను. పూలనే దేవతగా పేర్చే పండగ ఇది. పైగా దసరా సెలవులు కలిసొస్తాయి. థర్మోకోల్ మీద కాగితం పూలు అంటించే స్కూలు బతుకమ్మని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. వాడని పువ్వుతో పిల్లలకి తెలిసేదేమీ లేదు.

గునుగు, తంగేడు శంకర్‌పల్లి, చేవెళ్ళ రోడ్ల పక్క బీళ్ళలో, చేల గట్ల మీద దొరుకుతాయి. చేనైతే రైతుని అడిగి దిగండి. గునుగు ఆయనకి కలుపే కాబట్టి మామూలుగా కాదనరు. తంగేడు పూలున్న రెమ్మలే తుంచాలి, కొమ్మలు విరవకూడదు. పిల్లలకి నిండు చేతుల చొక్కా, బూట్లు వేయండి. ముందు మీరు కర్రతో గడ్డి తట్టండి, గుబురులోకి నేరుగా చెయ్యి పెట్టనివ్వొద్దు, వానాకాలపు పాములుంటాయి. తెల్లటి చిన్న చిన్న పూలతో క్యారెట్ ఆకులాంటి ఆకులున్న వయ్యారిభామ ఎక్కడ చూసినా ఉంటుంది, దాన్ని తాకితే దద్దుర్లు, ఆయాసం. అది చూపించి దూరంగా ఉంచండి. అంత దూరం వెళ్ళలేకపోతే గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ఉంది, తెల్లారకముందే వెళ్ళాలి.

కోసుకొచ్చాక మొదటి పాఠం పువ్వులే చెప్తాయి. గునుగు రోజుల తరబడి వాడదు, ఎందుకంటే అది కోసేనాటికే కాగితంలా ఎండి ఉంటుంది. తంగేడు పొద్దున కోస్తే మధ్యాహ్నానికి వేలాడిపోతుంది. అందుకని గునుగు రెండురోజుల ముందు, తంగేడు అదే రోజు పొద్దున. ఈ తేడా పాప తనే కనిపెట్టేలా రెండూ పక్కపక్కన పళ్ళెంలో పెట్టి వదిలేయండి.

పిల్లల బతుకమ్మకి పది అంగుళాల తాంబాలం, జానెడు ఎత్తు. దానికి గునుగు పదిహేనేసి కాడల చిన్న కట్టలు ఇరవై దాకా, అర కిలో బంతి, పావు కిలో చామంతి, తంగేడు రెండు దోసిళ్ళు, రెండు గుమ్మడి పూలు, గుమ్మడి ఆకులు. పట్టుకుచ్చులు, కట్లపూలు దొరికితే ఇంకా కళ. ముందురోజు గునుగు ఆకులు దూసేసి, మెడ దగ్గర దారంతో కట్టలు కట్టి కాడలన్నీ ఒకే పొడవుకి కత్తిరించాలి. కొన్ని కట్టల్ని రంగులో ముంచాలి. లీటరు వేడినీళ్ళకి రెండు చెంచాల ఫుడ్ కలర్, చిటికెడు ఉప్పు. పూత నిమిషం మునిగితే చాలు. దులిపి తీగ మీద తలకిందులుగా నాలుగు గంటలు ఆరనివ్వాలి. ఆరకుండా పేరిస్తే రంగు కారి పక్కనున్న తంగేడు పసుపంతా పాడవుతుంది.

పేర్చేటప్పుడు తాంబాలంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు మొదటి వరస. పూలు బయటికి, కాడలు లోపలికి. దాని మీద గునుగు, తర్వాత బంతి, మళ్ళీ రంగు గునుగు, అలా. వరస వరసకీ అర వేలు మందం లోపలికి జరుగుతూ పోవాలి, అప్పుడే గోపురం ఆకారం వస్తుంది. అసలు కిటుకు కడుపు నింపడంలో ఉంది. కత్తిరించిన కాడలు, ఆకులు సన్నగా తరిగి ప్రతి వరసకీ మధ్యలో పోసి అరచేత్తో అదమాలి. పిల్లల బతుకమ్మలు సాయంత్రానికి ఒకవైపు ఒరిగిపోయేది మధ్య డొల్లగా ఉండడంవల్లే. ఒరిగితే పూలు పీకొద్దు, ఒరిగిన వైపు అంచు కింద మడిచిన ఆకు దూర్చి, లోపల ఎదురువైపు తరుగు తీసి ఇటు సర్దండి. కడుపు నింపే పని ఆరేళ్ళ పాపది, వరస పేర్చే పని తొమ్మిదేళ్ళ బాబుది. మగపిల్లాడికి బతుకమ్మతో ఏం పని అనేవాళ్ళుంటే, పూలకోసం చేలల్లో మగపిల్లలూ తిరుగుతారని చెప్పండి. పైన గుమ్మడి పువ్వు, అందులో పసుపు గౌరమ్మ.

తొమ్మిది రోజులూ చెయ్యనక్కర్లేదు. మొదటిదైన ఎంగిలిపూల రోజు, చివరిదైన సద్దుల రోజు చాలు. నైవేద్యాలు మాత్రం వరసగా చెప్పండి: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది, ఆ రోజు పేర్చరు. ఆ అలక పిల్లలకి భలే నచ్చుతుంది. నిమజ్జనానికి ముందు దారాలన్నీ కత్తిరించి తియ్యండి. టబ్బులో వేసి మర్నాడు ఎరువు కుప్పలో కలిపినా తప్పు లేదు. పేర్చకుండా పక్కన ఉంచిన ముదురు గునుగు కంకుల్ని తెల్ల కాగితం మీద దులిపితే నల్లటి గింజలు రాలతాయి. వారం ఆరబెట్టి కాగితం పొట్లంలో, మీద ఏడాది రాసి దాచండి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మకి బూజు పడుతుంది.

దసరాకి పాలపిట్టని చూడాలంటే ఊరు దాటి పొలాల వైపు వెళ్ళి కరెంటు తీగల మీద వెతకండి. కూర్చుంటే మట్టి రంగులో మామూలుగా ఉంటుంది, ఎగిరినప్పుడే రెక్కల నీలం బయటపడుతుంది. అందుకే తీగ మీద చూడగానే వెళ్ళిపోకుండా అది పురుగుకోసం నేలకి దూకేదాకా ఆగమనండి. డబ్బులు తీసుకుని పంజరంలో చూపించేవాళ్ళ దగ్గర ఆగొద్దు. అడవి పిట్టని పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఆ పిట్టల రెక్కలు చాలాసార్లు కట్టేసి ఉంటాయి. చలికాలంలో మీకు అమీన్‌పూర్ చెరువు పక్కనే ఉంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించిన చెరువు అది. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పొద్దున ఏడింటికి వెళ్ళి వలస పక్షుల్ని చూడొచ్చు.

కార్తీకంలో వనభోజనం సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది రాత్రి ఆకాశం గురించి. పున్నమి నాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గరుంటే ఆ నెలకి ఆ పేరు. కార్తీక పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు, కానీ ఆ వెలుగులో చుక్కలు కనిపించవు. నాలుగు రోజులు ఆగి, చంద్రుడు ఇంకా రాకముందు రాత్రి ఏడున్నర ఎనిమిదికి టెర్రస్ మీద తూర్పుకి చూడండి. చిన్న గుత్తిలా కనిపించేవే కృత్తికలు. నేరుగా కాకుండా కాస్త పక్కకి చూస్తే ఎక్కువ చుక్కలు తెలుస్తాయి.

సంక్రాంతి మన పండగల్లో సూర్యుడి లెక్కతో వచ్చేది, కాబట్టి నీడ కొలవడం ఆ రోజు మొదలుపెట్టండి. ఇసుక నింపిన బకెట్లో మీటరు కర్ర నిటారుగా పాతండి. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూడాలి, లేకపోతే కొలతంతా వృథా. పన్నెండు నుంచి పన్నెండూ నలభై దాకా అయిదు నిమిషాలకోసారి నీడ చివర సుద్దతో గుర్తు పెట్టండి. అన్నిటికన్నా పొట్టి నీడే అసలు మిట్టమధ్యాహ్నం. అది హైదరాబాద్‌లో సంక్రాంతికి దాదాపు 12:25కి వస్తుంది, గడియారం పన్నెండుకి కాదు. నీడ ఉత్తరంగా 80 సెంటీమీటర్లు ఉంటుంది. మార్చి 21కి 31 సెంటీమీటర్లు. మే 9 ప్రాంతంలో 12:12కి నీడే ఉండదు. జూన్ 21కి పది సెంటీమీటర్ల నీడ, అదీ దక్షిణం వైపు! మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో నీడ మాయం. అప్పటికి మబ్బులుంటాయి కాబట్టి మే నెలది వదులుకోవద్దు. డిసెంబరు 22కి 86 సెంటీమీటర్లు, ఏడాదిలో అదే పొడుగు. అన్ని గుర్తులూ ఒకే చోట ఆయిల్ పెయింట్‌తో వేసి తేదీ రాయండి, అపార్ట్‌మెంట్ పిల్లలంతా పోగవుతారు. పతంగులకి నూలు దారమే వాడండి. నైలాన్, సింథటిక్ మాంజాని 2017లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతా నిషేధించింది, అది పిట్టల రెక్కల్నీ మనుషుల గొంతుల్నీ కోస్తుంది. ముగ్గు రాతిపిండితో కాకుండా బియ్యప్పిండితో వేసి, చీమలు ఎంతసేపట్లో వస్తాయో చూడమనండి. ఏడు చుక్కలు, అటూ ఇటూ నాలుగు దాకా సందు చుక్కలు పెడితే మొత్తం 37, పాప లెక్కపెడుతుంది. భోగిపళ్ళలో రేగిపళ్ళు, నాణేలు మూడేళ్ళలోపు పిల్లల నోట్లోకి పోకుండా పక్కన ఒకరుండాలి.

హోళీకి మోదుగ పూలు. వికారాబాద్ దారిలో ఆకులన్నీ రాలి చెట్టంతా నిప్పులా ఉంటుంది, కింద రాలినవే ఏరండి. రెండు దోసిళ్ళ పూలని లీటరు మరిగే నీళ్ళలో వేసి రాత్రంతా ఉంచి వడకడితే పసుపు నారింజ రంగు. పలచగా వచ్చిందంటే పూలు తక్కువయ్యాయని. సున్నపు తేట చుక్క కలిపితే రంగు చిక్కబడుతుంది గానీ, పిల్లల మొహాన పడేదాంట్లో సున్నం వద్దు.

ఉగాదికి వస్తువు వేపపువ్వు. తెల్లవారుజామున చెట్టు కింద పాత చీర పరిచి కొమ్మ మెల్లగా ఊపితే రాలుతుంది, నేల మీద ఏరితే దుమ్మే ఎక్కువ. నిజానికి ఇక్కడ ఒక చిక్కుంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. చాంద్రమానం ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరిగి, అధికమాసం వచ్చాక మళ్ళీ వెనక్కి పోతుంది. చెట్టుకి ఆ లెక్క లేదు. మార్చి మధ్యలో వచ్చిన ఉగాదికి చాలా వేపలు ఇంకా మొగ్గల్లోనే ఉంటాయి. అందుకని ఒక చెట్టు ఎంచుకుని, మొదటి పువ్వు కనిపించిన తేదీ ఏటా రాయమనండి. 2021 చివర్లో తెలంగాణలో వేపకొమ్మలు తెగులుతో ఎండి మళ్ళీ చిగురించాయి. అలాంటి ఏడాది వస్తే ఆ నోట్సుకి విలువ తెలుస్తుంది. పచ్చడికోసం తీసిన కొత్త చింతపండు గింజల్ని పారెయ్యొద్దు. నాలుగు గింజల్ని ఒకవైపు తెల్లపప్పు కనిపించేదాకా బండ మీద అరగదీస్తే అష్టా చెమ్మా పిక్కలు తయారు.

ఇక మే నెల. రోడ్ల పక్క ముంజలమ్మే చోట ఆగి, ముంజలు తీసేసిన తాటికాయ బుర్రలు రెండు అడిగి తెచ్చుకోండి, అవి బండికి చక్రాలు. రెండూ ఒకే సైజు ఉండాలి, ఒకటి చిన్నదైతే బండి ఎప్పుడూ చిన్న చక్రం వైపే తిరుగుతుంది. తెచ్చిన రోజే చెయ్యాలి, రెండు రోజులాగితే బుర్ర గట్టిపడి పుల్ల దిగదు, కొడితే చీలుతుంది. బుర్ర అడుగు సరిగ్గా మధ్యలో మేకుతో దారి చేసి, మూరెడు పుల్ల రెండు చివరలూ చెక్కి చెరో బుర్రలో గట్టిగా దిగ్గొట్టండి. నాలుగడుగుల పంగల కర్రని ఆ పుల్ల మీద ఆనించి తోస్తే బండి. పంగ మరీ వెడల్పుంటే పుల్ల జారిపోతుంది, మరీ బిగువుంటే తిరగదు. వేలు ఆడేంత సందుండి, రాసుకునే చోట రెండు చుక్కల ఆముదం వేస్తే బాగా తిరుగుతుంది. బండి ఎగిరెగిరి పడుతోందంటే చిల్లు మధ్యలో పడలేదన్నమాట. పుల్ల పీకి మళ్ళీ కొట్టే బదులు కొత్త బుర్ర తెచ్చుకోండి, పాత చిల్లులోకే మేకు జారుతుంది. చొక్కాలు మాత్రం పాతవి వెయ్యండి, ముంజ కసరు మరక ఉతికినా వదలదు.